ఖాళీ ఉండి కాదు, చుట్టరికం లేక

గత నెల మా ఊరి హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏదైనా సైన్సు కబురు చెప్పమంటే వెళ్ళాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి బ్యాంకు లోన్ల సెక్షన్లో పాతికేళ్ళు గడిపినవాణ్ణి. ఇలాంటి పిలుపు వస్తే నాకు పెళ్ళిపిలుపు వచ్చినంత సంబరం. న్యూట్రినోలనే బుల్లి కణాల గురించి చెబుదామనుకున్నాను. దానికి పెద్దగా ప్రిపేర్ అవ్వక్కర్లేదు. నాలుగు అంకెలు చెబితే చాలు, పిల్లలు నోళ్ళు తెరుస్తారు.

"మీ బొటనవేలి గోరు చూసుకోండి. ఈ ఒక్క సెకనులో సూర్యుడి నుంచి బయల్దేరిన న్యూట్రినోలు 6,500 కోట్లు అందులోంచి దాటిపోయాయి" అన్నాను. అందరూ గోరు చూసుకున్నారు. ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యి డెస్కు కిందకి దాచుకుంది. "లాభం లేదమ్మా, డెస్కులోంచి కూడా పోతాయి. రాత్రయితే సూర్యుడు భూమికి అవతల ఉంటాడు కదా, అప్పుడు భూమి మొత్తం దాటుకుని మంచం కిందనుంచి పైకొస్తాయి" అన్నాను. ఇక్కడ చిన్న కేక కూడా వినబడింది. నేను గాల్లో తేలిపోతున్నాను.

"ఎలా పోతాయి సార్?" అని ఎవరో అడిగారు. అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. పరమాణువంతా ఖాళీ, పరమాణువు క్రికెట్ గ్రౌండంత ఉందనుకుంటే కేంద్రకం పిచ్ మధ్యలో ఆవగింజంత, మిగతాదంతా ఖాళీయే కాబట్టి న్యూట్రినో ఆ ఖాళీలోంచి జారిపోతుంది, అని.

వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, గోడా ఖాళీయే, నేనూ ఖాళీయే. మరి నేనెందుకు పోలేకపోతున్నాను?" అని పక్కనున్న గోడని అరచేత్తో దబ్‌మని కొట్టి చూపించాడు.

క్లాసంతా గొల్లుమంది. హెడ్మాస్టరుగారు వాడికేసి ఉరిమి చూశారు. నేను "చాలా మంచి ప్రశ్న" అన్నాను. పెద్దవాళ్ళు ఆ మాట ఎప్పుడంటారో పిల్లలకు తెలుసు. ఇంతలో బెల్లు కొట్టారు, నా పరువు దక్కింది.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు టెన్షన్ మొదలైంది. వాడి ప్రశ్నకు జవాబు తెలియక కాదు. పాతికేళ్ళుగా ఎక్కడ న్యూట్రినో మాటొచ్చినా నేను చెబుతున్న జవాబే తప్పని అప్పుడు తట్టింది. నేనొక్కణ్ణే కాదు, ఆదివారం అనుబంధాల నుంచి యూట్యూబు దాకా అందరం చెబుతున్నది అదే. "పదార్థం ఖాళీ కాబట్టి న్యూట్రినో పోతుంది" అనే మాట వినడానికి బాగుంటుంది, సులువుగా ఉంటుంది, పనికిరాదు. ఈ పోస్టంతా దాని మీద నా పేచీ.

ముందు ఇంట్లో దొరికే సాక్ష్యం. ఒక అట్టముక్క తీసుకోండి. అదే మందం ఉన్న కిటికీ అద్దం ముక్క తీసుకోండి. అద్దం అట్ట కన్నా ఎన్నో రెట్లు బరువు, అంటే అందులో సరుకు ఎక్కువ. ఖాళీ సిద్ధాంతం ప్రకారం వెలుగు అట్టలోంచి హాయిగా రావాలి, అద్దం దగ్గర ఇబ్బంది పడాలి. జరిగేది తలకిందులు. పోనీ గోడ సంగతి చూడండి. వెలుతురు రానివ్వని గోడే సెల్‌ఫోన్ సిగ్నల్‌ని రానిస్తుంది. రెండూ ఒకే జాతి తరంగాలు, గోడలో ఖాళీ రెండింటికీ ఒక్కటే. అంటే ఎంత ఖాళీ ఉందన్నది కాదు లెక్క. లోపలున్నవాళ్ళు వచ్చినవాణ్ణి పలకరిస్తారా లేదా అన్నది లెక్క.

దీనికి అంకెలు కూడా ఉంటే బాగుండుననిపించింది. నా దగ్గర కాగితం లేదు. మర్నాడు మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి, శుభలేఖ బ్యాగులో ఉంది. దాని వెనక వేశాను లెక్క. (పెద్దమ్మా, ఇది చదివితే క్షమించు.)

ఖాళీ సిద్ధాంతమే నిజమనుకుందాం. న్యూట్రినో ఒక చుక్క. కేంద్రకానికి తగిలితే ఆగుతుంది, తగలకపోతే పోతుంది, అంతే. సీసం కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 ఫెమ్టోమీటర్లు. ఫెమ్టోమీటరంటే మీటరులో కోటి కోట్లోవంతు, అందులో మళ్ళీ పదోవంతు. ఆవగింజే, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఘన సెంటీమీటరు సీసంలో అలాంటి ఆవగింజలు 33 పక్కన 21 సున్నాలు పెడితే ఎన్నో అన్ని ఉంటాయి. వరస వెనక వరసగా గ్రౌండ్లు పేర్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఆవగింజ అడ్డం రాక తప్పదు. ఆ "ఎక్కడో" ఎంత దూరమో చూస్తే నాకు 20 సెంటీమీటర్లు వచ్చింది. జానెడు!

రెండోసారి వేశాను. జానెడే వచ్చింది.

అసలు న్యూట్రినో సంగతేమిటి? సూర్యుడి నుంచో రియాక్టర్ నుంచో వచ్చే మామూలు న్యూట్రినోని ఆపాలంటే ఒక కాంతి సంవత్సరం మందం సీసం గోడ కట్టాలి. అంటే దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. అప్పుడు కూడా గట్టిగా చెప్పలేం, సగానికి సగం ఆగుతాయేమో. ఖాళీ వల్ల వచ్చే వెసులుబాటు జానెడు, న్యూట్రినో చూపించేది కాంతి సంవత్సరం. రెండింటికీ తేడా సుమారు 500 కోటి కోట్ల రెట్లు. లోన్ అప్లికేషన్లో ఆదాయానికీ ఖర్చుకీ ఇంత తేడా కనబడితే మేము ఫైలు మూసేస్తాం.

ఈ లెక్కకు అర్థం ఒక్కటే. న్యూట్రినో కేంద్రకాలను తప్పించుకుని పోవడం లేదు. దారిలో కేంద్రకం అడ్డొస్తే దాని కడుపులోంచే పోతుంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు సందు లేకుండా కిక్కిరిసిన చోటు నుంచి ఏమీ జరగనట్టు నడిచి వెళ్తుంది.

మర్నాడు పెళ్ళిలో దీనికి ప్రత్యక్ష ప్రదర్శన చూశాను.

ఫంక్షన్ హాలు గేటు నుంచి భోజనాల షెడ్డు దాకా వంద అడుగులుంటుందేమో. నాకు ముప్పావుగంట పట్టింది. రెండడుగులు వేశానో లేదో మేనత్త పట్టుకుంది. "ఏరా, ఇలా చిక్కిపోయావేంటి?" ఆవిడ నన్ను ఇంకోవైపు తిప్పి మావయ్యకి అప్పగించింది. మావయ్య వియ్యంకుడి దగ్గరికి తోశాడు. ఆయన నన్ను మళ్ళీ గేటు దగ్గరికి తీసుకెళ్ళి తన కొత్త కారు చూపించాడు. నేను షెడ్డు చేరేసరికి గుత్తి వంకాయ అయిపోయింది.

నా ఎదురుగా ఒకాయన భోంచేస్తున్నాడు. తెల్లచొక్కా, నుదుట బొట్టు, ఏ కంగారూ లేదు. నేను హాల్లోకి వచ్చేటప్పుడే నా వెనక వచ్చిన మనిషి. తిన్నగా నడిచాడు, తిన్నగా కూర్చున్నాడు. రెండోసారి నెయ్యి అడిగాడు. లేచి కిళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. మా వాళ్ళు మగపెళ్ళివారి తాలూకు అనుకున్నారు. వాళ్ళు మా తాలూకు అనుకున్నారు. ఎవరి తాలూకూ కాడు. ఆయన అలా నడిచి వెళ్ళింది హాలు ఖాళీగా ఉండి కాదు. కాలు పెట్టే చోటు లేదు. ఆయనకి అక్కడ చుట్టం లేడు, అంతే.

సూర్యుడి గర్భంలో జరిగేది అచ్చంగా ఇదే. అక్కడ పదార్థం సీసం కన్నా పది రెట్లకు పైగా సాంద్రమైనది. ఆ నడిమధ్యలో పుట్టిన వెలుగు అడుగడుగునా ఎలక్ట్రాన్లకు చిక్కుతూ, ఒకళ్ళ చేతిలోంచి ఇంకొకళ్ళ చేతిలోకి మారుతూ బయటికి రావడానికి వేల ఏళ్ళ నుంచి లక్ష ఏళ్ళ దాకా పడుతుందని అంచనా. అదే చోట పుట్టిన న్యూట్రినో రెండు సెకన్లకు కాస్త పైన సూర్యుడి ఉపరితలం దాటేస్తుంది. ఆపైన ఎనిమిది నిమిషాల చిల్లరకు మన గోరు దగ్గర ఉంటుంది. హాలు అదే, జనం వాళ్ళే. వెలుగుకు మేనత్తలు ఎక్కువ.

సరే, ఎందుకు లేదు చుట్టరికం? మన భౌతికశాస్త్రం తెలుగులో ఒక అందమైన మాట ఉంది: ఆవేశం. ఎలక్ట్రాన్‌కి రుణావేశం, ప్రోటాన్‌కి ధనావేశం, న్యూట్రినోకి ఆవేశం లేదు. పాఠ్యపుస్తకం రాసినవారు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. లోకంలో పదార్థం పదార్థాన్ని అడ్డుకునే గొడవల్లో చాలా భాగం ఆవేశపరుల గొడవే. ఇనుము గట్టిగా ఉండడానికి, పిండి ముద్దకట్టడానికి, నా చొక్కా కుర్చీ మేకుకు పట్టుకోవడానికి అదే కారణం. ఆవేశం లేని న్యూట్రినోతో ఎలక్ట్రాన్ గొడవ పెట్టుకుందామన్నా సాకు దొరకదు.

అయితే ఆవేశం లేకపోవడం ఒక్కటే చాలదు. న్యూట్రాన్‌కీ ఆవేశం లేదు. అది సీసంలోకి వెళ్తే కొన్ని సెంటీమీటర్లకే ఏదో ఒక కేంద్రకాన్ని ఢీకొని పక్కకు మళ్ళుతుంది. రియాక్టర్ చుట్టూ నీళ్ళూ కాంక్రీటూ పెడితే ఆగిపోతుంది. ఎందుకంటే దానికి ఇంకో చుట్టరికం ఉంది, కేంద్రకాన్ని కట్టిపడేసే ప్రబల బలం. నా జానెడు లెక్క న్యూట్రాన్‌కి ఇంచుమించు సరిపోతుంది కూడా. న్యూట్రినోకి ఆ బంధుత్వమూ లేదు. గురుత్వాకర్షణను ఇక్కడ లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మిగిలింది ఒకే ఒక్కటి, పుస్తకాల్లో దాని పేరు "బలహీన బలం". పొడవాటి పొట్టివాడు అన్నట్టుంటుంది ఆ పేరు.

ఎందుకు బలహీనం? ఈ భాగం నా డిపార్ట్‌మెంటు కాబట్టి కాస్త ఓపిక పట్టండి. బలహీన బలం పనిచేయాలంటే మధ్యలో W గానీ Z గానీ ఒక కణం అటూ ఇటూ మారాలి. వీటిని 1983లో యూరప్ కణ పరిశోధనశాల సెర్న్‌లో పట్టుకున్నారు. మహా బరువు. W ఒక్కటే ప్రోటాన్‌కు 85 రెట్లు. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినో దగ్గరుండే శక్తి ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), అటూ ఇటూగా. W తయారు కావడానికి కావలసింది 80 వేల మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. జేబులో రూపాయి పెట్టుకుని 80 వేలు చేబదులు అడుగుతున్నాడన్నమాట. క్వాంటం ప్రపంచంలో ఇలాంటి అప్పులు ఇస్తారు, కానీ షరతు కఠినం: అప్పు ఎంత పెద్దదైతే గడువు అంత చిన్నది. 80 వేలకు దొరికే గడువులో W ప్రోటాన్ వెడల్పులో దాదాపు వెయ్యోవంతు దూరం కన్నా పోలేదు. కాబట్టి న్యూట్రినో ప్రోటాన్ లోపలికే వెళ్ళినా అక్కడున్న క్వార్కనే బుల్లి కణానికి ఇంకా చాలా దగ్గరగా, ఒళ్ళో కూర్చున్నంత దగ్గరగా వెళ్ళాలి. వెళ్ళినా ఆ అప్పు పుట్టే యోగం చాలా తక్కువ. ఇదీ అసలు కారణం. ఖాళీ స్థలం కాదు, పుట్టని అప్పు.

బలహీనమని చిన్నచూపు చూడకండి. సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలిసే మొదటి మెట్టు ఈ బలం వల్లే జరుగుతుంది. అది ఇంత బద్ధకంగా పనిచేయబట్టే సూర్యుడు నాలుగున్నర వందల కోట్ల ఏళ్ళుగా నిదానంగా మండుతున్నాడు.

ఇక కుర్రాడి అరచెయ్యి. వాడి ప్రశ్నకు జవాబు బస్సు దిగేలోపు తేలింది. ఎలక్ట్రాన్లు గ్రౌండ్ బౌండరీ మీద తిరిగే గోళీలు కావు. పరమాణువంతా మబ్బులా పరుచుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ దృష్టిలో పరమాణువులో ఖాళీ లేదు, హౌస్‌ఫుల్. వాడి చేతిలో ఎలక్ట్రాన్లు, గోడలో ఎలక్ట్రాన్లు ఒకే కులం. ఒకటి ఉన్న స్థితిలో రెండోది ఉండకూడదు. ఈ నియమాన్ని 1925లో వోల్ఫ్‌గాంగ్ పౌలి చెప్పాడు. దీనికి ఆవేశాల వికర్షణ తోడు. గోడ గోడలా నిలబడేది ఈ రెండింటి వల్లే. తమాషా ఏమిటంటే న్యూట్రినోని ఊహించింది కూడా ఈ పౌలీయే. అయిదేళ్ళ తేడాలో ఒకే మనిషి గోడకు తాళమూ వేశాడు, తాళంతో పనిలేనివాణ్ణీ కనిపెట్టాడు.

ఇదంతా వాయిస్ మెసేజ్‌గా హెడ్మాస్టరుగారి ఫోనుకి పంపాను. సాయంత్రానికి ఆయన ఫోను నుంచే కుర్రాడి గొంతు: "సార్, అది ఎవరినీ పలకరించకపోతే అది ఉందని మీకెలా తెలిసింది?"

లెక్కల పద్దులో తేడా వల్ల తెలిసింది బాబూ. కొన్ని కేంద్రకాలు ఎలక్ట్రాన్‌ని బయటికి విసిరినప్పుడు, ఉండాల్సిన శక్తిలో కొంత ప్రతిసారీ లెక్కకు రావడం లేదు. శక్తి నిత్యత్వ నియమమే ఇక్కడ చెల్లదేమోనని నీల్స్ బోర్ అంతటివాడు అన్నాడు. పౌలి మన ఇళ్ళలో అందరూ చేసే పని చేశాడు. లెక్క తేలనప్పుడు "చిల్లర ఖర్చులు" అని ఒక పద్దు రాసేస్తాం చూడండి, అలాగ ఎవరికీ కనబడని ఒక కణం ఆ శక్తిని పట్టుకుపోతోందని రాశాడు. 1930 డిసెంబరు 4న, ట్యూబింగన్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలకు ఉత్తరంలో. ఉత్తరం సంబోధనే "రేడియోధార్మిక మహిళలారా, మహాశయులారా" అని మొదలవుతుంది. నేను రాలేను, జూరిక్‌లో డాన్సు పార్టీ ఉంది అని చివర్లో రాసుకున్నాడు. దానికి తను పెట్టిన పేరు న్యూట్రాన్. ఆ పేరు 1932లో చాడ్విక్ కనిపెట్టిన బరువు కణానికి పోయింది. రోములో ఫెర్మీ బృందం దీన్ని న్యూట్రినో అంది, బుల్లి న్యూట్రాన్ అన్నట్టు. మనమైతే చంటి అని ఊరుకునేవాళ్ళం.

1934లో బెథే, పయర్ల్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కవేసి దీన్ని పట్టుకునే దారే లేదని తేల్చారు. చిల్లర ఖర్చులు పద్దుకు రసీదు దొరకదని అర్థం. ఆ రసీదు కోసం అమెరికాలో ఫ్రెడ్ రైనెస్, క్లైడ్ కోవన్ పడిన పాట్లు చెప్పుకోవాలి. 1951లో వాళ్ళ మొదటి ప్లాను: అణుబాంబు పేల్చడం. దానికి 40 మీటర్ల దూరంలో బావి తవ్వి, బాంబు పేలిన క్షణంలో పరికరాన్ని అందులోకి వదిలేయడం. అడుగున ఈకలు, నురుగు రబ్బరు పరిచి పెట్టడం. భూమి అదిరేటప్పుడు పరికరం గాల్లో పడుతూ ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదట. లాస్ అలమోస్ అణుబాంబు పరిశోధనశాల పెద్దలు దీనికి సరేనన్నారు కూడా! లోన్ల సెక్షన్లో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టుతో వస్తే నేను మంచినీళ్ళు తెప్పిస్తాను.

తర్వాత బాంబు వద్దు, రియాక్టర్ చాలని తట్టింది. 1956లో దక్షిణ కరొలినాలో సవానా రివర్ రియాక్టర్‌కు 11 మీటర్ల దూరంలో కాడ్మియం క్లోరైడు కలిపిన నీళ్ళ ట్యాంకులు పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి చదరపు సెంటీమీటరు నుంచి సెకనుకు లక్షల కోట్ల న్యూట్రినోలు పోతుంటే దొరికినవి గంటకు సుమారు మూడు. జూన్ 14న పౌలికి టెలిగ్రామ్ కొట్టారు. పద్దు రాసిన 26 ఏళ్ళకు రసీదు.

ఇక్కడ కోలారు గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన సరిహద్దు దాటగానే, వీధిలో తెలుగు వినబడే కోలారు. ఆ బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ దగ్గర 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు జపాన్ ఒసాకా, ఇంగ్లండు డర్హమ్ వాళ్ళతో కలిసి పరికరాలు దింపారు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణానికి తగిలి పుట్టించే న్యూట్రినోలను వాళ్ళు చూశారు. వాళ్ళ పేపరు అచ్చయింది 1965 ఆగస్టు 15న. దక్షిణాఫ్రికా బంగారు గనిలో అదే పనిమీదున్న రైనెస్ బృందం పేపరు రెండు వారాల తర్వాత, ఆగస్టు 30న వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేరా ఉండాల్సింది. గనులు 2001లో మూతపడ్డాయి.

అంత లోతుకు ఎందుకు దిగారని ఆ కుర్రాడు అడిగేలోపే చెబుతాను. న్యూట్రినోని ఆపడానికి కాదు, మిగతావాళ్ళని ఆపడానికి. పైన కాస్మిక్ కిరణాల గోల భజన మందిరంలా ఉంటుంది. రెండు కిలోమీటర్ల రాయి దాన్నంతా వడగడుతుంది. రాయిని పట్టించుకోనిది ఒక్కటే కాబట్టి అదొక్కటే కిందకు వస్తుంది. ఇదే పద్ధతి మీద జపాన్‌లో ఇకెనో కొండ కింద 50 వేల టన్నుల నీళ్ళు పోసి సూపర్ కామియోకాండే కట్టారు. అందులో వందల రోజుల పాటు లెక్కపెట్టి సూర్యుడి బొమ్మ తీశారు, రాత్రుళ్ళు కూడా, భూమి అడ్డంగా ఉండగానే. ఆ పరికరంలోనే 1998లో న్యూట్రినోలు దారిలో జాతి మార్చుకుంటాయనీ, వాటికి ఎంతో కొంత బరువుందనీ తేలింది.

గోడ దీనికి అడ్డం కాదన్న మాట బుర్రకెక్కడం పెద్దవాళ్ళకు కూడా కష్టమే. సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలోని ఇటలీ గ్రాన్ సాసో కొండకు భూమిలోంచే న్యూట్రినోలను పంపేవాళ్ళు. 2011లో అవి వెలుగు కన్నా 60 నానోసెకన్లు ముందు వచ్చాయని గోల పుట్టింది. ఇటలీ విద్యాశాఖ సంబరపడిపోయి, సెర్న్‌కీ గ్రాన్ సాసోకీ మధ్య సొరంగం కట్టడానికి మా దేశం 4.5 కోట్ల యూరోలు ఇచ్చిందని ప్రకటన వదిలింది. అలాంటి సొరంగం లేదు. అది లేకుండా పోవడమే న్యూట్రినో ప్రత్యేకత. చివరికి ఆ వేగం సంగతి కూడా ఒక కేబుల్ సరిగ్గా బిగించకపోవడం వల్ల వచ్చిన పొరపాటని తేలింది. కేబుల్ ఊడితే ఏం జరుగుతుందో మన వీధి కేబుల్ అబ్బాయిని అడిగినా చెప్పేవాడు.

నా ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. "మనిషి ఒంట్లో జీవితం మొత్తంలో ఒక్క న్యూట్రినో తగిలితే గొప్ప" అని ఎక్కడో చదివి, పిల్లలకు చెప్పేశాను. తర్వాత అదే గ్రాన్ సాసోలోని బోరెక్సినో అనే న్యూట్రినో పరికరం ఫలితాలు చూశాను. అక్కడ 100 టన్నుల ద్రవంలో సూర్యుడి న్యూట్రినోలు ఎలక్ట్రాన్లను గుద్దడం రోజుకు 190కి పైనే. అందులో 144 ప్రోటాన్లు కలిసే మెట్టులో పుట్టినవి, 48 బెరిలియం తాలూకువి. ఎలక్ట్రాన్ల లెక్కకు నా ఒళ్ళు ఆ ద్రవానికి పెద్ద తీసిపోదు. 70 కిలోలకు వాటా కడితే దాదాపు వారానికి ఒకటి. ఒంట్లోంచి సెకనుకు కోటి కోట్లు పోతుంటే, వారానికి ఒకటి భుజం తట్టి పోతోంది. తట్టినట్టు కూడా మనకు తెలియదు. దానికి బదులుగా మన ఒంట్లో పొటాషియం రోజుకు 30 కోట్లకు పైగా న్యూట్రినోలనూ, వాటి జంట ప్రతికణాలనూ బయటికి పంపుతోంది. అరటిపండూ పంపుతుంది. తాంబూలంలో ఇచ్చిన రెండు పళ్ళు బ్యాగులో పెట్టుకుని వచ్చాను కదా, దారంతా పంచుతూ వచ్చానన్నమాట.

ఖాళీ సిద్ధాంతానికి ఆఖరి దెబ్బ దక్షిణ ధ్రువం దగ్గర తగిలింది. అక్కడ ఘన కిలోమీటరు మంచులో 5,160 పరికరాలు దింపిన ఐస్‌క్యూబ్ వాళ్ళు, భూమి దాటి వచ్చే న్యూట్రినోలను శక్తి వారీగా లెక్కపెట్టారు. 2017లో ఫలితం చెప్పారు: శక్తి బాగా పెరిగితే న్యూట్రినోలు భూమిలో చిక్కుకుపోతున్నాయి! 40 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర భూమి వ్యాసమే వాటికి ఒక గట్టి గోడ. భూమి మారలేదు, పరమాణువులో ఖాళీ మారలేదు, ఆవగింజ పెరగలేదు. మరేం మారింది? మెగా ఎలక్ట్రాన్ వోల్టుకు రూపాయి అన్న నా లెక్కలో చెప్పాలంటే ఆ శక్తి నాలుగు కోట్ల రూపాయలు. జేబులో నాలుగు కోట్లున్నవాడికి 80 వేలు అప్పివ్వని వాడెవడు? W వెంటనే శాంక్షన్ అవుతుంది. ఆ పెళ్ళిలో తెల్లచొక్కా ఆయన బ్యాండుమేళంతో డాన్సు చేస్తూ వచ్చి ఉంటే మా మేనత్త గేటు దగ్గరే పట్టుకునేది.

మాట తప్పయితే పోయేదేముంది అనవచ్చు. నాకలా అనిపించదు. పత్రికల్లో ఎప్పుడూ "న్యూట్రినోలు శరీరంలోంచి దూసుకెళ్తాయి" అని రాస్తారు. దూసుకెళ్ళేది తూటా, బాణం, బ్రేకు ఫెయిలైన లారీ. ఆ క్రియ వింటే ఎవరికైనా భయం వేస్తుంది. తమిళనాడు తేని జిల్లాలో, బోడి కొండల్లో 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుముతో న్యూట్రినో పరిశోధనశాల కడతామని 2015 జనవరిలో కేంద్ర క్యాబినెట్ సుమారు 1,500 కోట్లకు ఒప్పుకుంది. చుట్టుపక్కల ఊళ్ళు ఎదురుతిరిగాయి. కొండ తొలిచే పేలుళ్ళు, నీటి వనరులు, అడవి జంతువుల దారులు, వీటి గురించి అడిగినవాళ్ళ తరఫున నేనూ నిలబడతాను. వాటికి ఓపిగ్గా జవాబు చెప్పాల్సింది కట్టేవాళ్ళే. కానీ వాటితోపాటు న్యూట్రినోల వల్ల రేడియేషన్ వస్తుందన్న భయం కూడా కలిసిపోయింది. ఆ పరిశోధనశాల న్యూట్రినోలను వదిలేది కాదు, ఎటూ పోతున్నవాటిని చూసేది. అది కట్టినా కట్టకపోయినా తేని మీద, తెనాలి మీద, ఢిల్లీ మీద పడేవి అవే. పదేళ్ళు దాటినా అక్కడ ఇనుము దిగలేదు. చైనాలో 20 వేల టన్నుల ద్రవంతో జూనో అనే న్యూట్రినో పరిశోధనశాల 2025 ఆగస్టులో పని మొదలుపెట్టింది. "దూసుకెళ్తాయి" బదులు "పట్టించుకోకుండా వెళ్ళిపోతాయి" అని రాసి ఉంటే అంతా మారేదని నేననను. కానీ ఆ తెల్లచొక్కా ఆయన్ని చూసి ఎవరూ భయపడలేదు కదా.

ఇంతా రాసి, తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని హెడ్మాస్టరుగారికి పంపాను. ఆయన రెండు అచ్చుతప్పులు చూపించి, కింద ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టారు. కుర్రాడిదే. "సార్, న్యూట్రినోకి ఎదురుగా ఇంకో న్యూట్రినో వస్తే? వాళ్ళిద్దరూ చుట్టాలే కదా?"

చుట్టాలే, కానీ బంధుత్వం అదే బలహీన బలం కాబట్టి మామూలుగా ఒకరినొకరు చూసుకోకుండానే పోతారు. పెద్ద నక్షత్రం కూలిపోయి పేలేటప్పుడు మాత్రం లోపల న్యూట్రినోలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే ఒకదాని ప్రభావం ఒకదాని మీద పడుతుంది. అక్కడ ఏం జరుగుతుందో లెక్కకట్టడం ఇప్పటికీ పెద్దవాళ్ళకే తలనొప్పి. ఈ మాట రికార్డు చేసి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. "టైపింగ్" అని వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది.